ఊబకాయం, పోషకాహారంపై పరిశోధన: ప్రజారోగ్య శాస్త్రవేత్త వృత్తిపై పాఠకుల ప్రశ్నలు

ఊబకాయాన్ని, పోషకాహారాన్ని అధ్యయనం చేసే ప్రజారోగ్య శాస్త్రవేత్త వృత్తి గురించి ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో ఏడింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా తీసుకున్నాను.

ప్రశ్న: నేను పోషకాహార శాస్త్రంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఊబకాయంపై పనిచేసే ప్రజారోగ్య శాస్త్రవేత్తను కావాలని ఉందని చెబితే ఇంట్లో అందరూ ‘అంటే డైటీషియన్ అవుతావా?’ అని అడుగుతున్నారు. రెండింటికీ తేడా ఏమిటో నాకే సరిగ్గా చెప్పడం రావడం లేదు.
– ఒక విద్యార్థిని

జవాబు: చదివే శాస్త్రం చాలావరకు ఒకటే అయినా, వేసుకునే ప్రశ్న వేరు. డైటీషియన్ తన ఎదుట కూర్చున్న ఒక మనిషి ఆరోగ్యం, అలవాట్లు, ఇష్టాయిష్టాలు తెలుసుకొని, ఆ మనిషికి తగిన ఆహారాన్ని సూచిస్తారు. ప్రజారోగ్య శాస్త్రవేత్త ఎదుట మాత్రం ఒక జనాభా మొత్తం ఉంటుంది. జెఫ్రీ రోజ్ అనే బ్రిటిష్ ఎపిడెమియాలజిస్టు (జనాభాల్లో జబ్బుల వ్యాప్తిని, కారణాలను అధ్యయనం చేసే శాస్త్రవేత్త) 1985లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ తేడాను స్పష్టంగా చూపారు. ఈ మనిషికే ఈ జబ్బు ఎందుకు వచ్చిందన్నది ఒక ప్రశ్న అయితే, ఈ జనాభాలో ఈ జబ్బు ఇంత ఎక్కువగా, మరో జనాభాలో అంత తక్కువగా ఎందుకు ఉందన్నది పూర్తిగా మరో ప్రశ్న అనీ, మొదటిదానికి దొరికిన జవాబు రెండోదానికి సరిపోకపోవచ్చనీ ఆయన వాదన.

ఊబకాయం విషయంలో ఈ తేడా ఎంత ముఖ్యమో అంకెలే చెబుతాయి. 1990 నుంచి 2022 వరకు జరిగిన మార్పును లెక్కగట్టి 2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక ప్రచురించిన అంతర్జాతీయ విశ్లేషణ ప్రకారం, ప్రపంచంలో ఊబకాయంతో ఉన్న పెద్దల శాతం ఆ కాలంలో రెట్టింపు దాటింది, పిల్లల్లో, కౌమారంలో ఉన్నవారిలో అది నాలుగు రెట్లయింది. 2022 నాటికి వీరంతా కలిసి 100 కోట్లు దాటారు. ముప్పై ఏళ్లలో మానవజాతి జన్యువులు మారిపోవు. అన్ని ఖండాల్లోని మనుషులకూ, అందులోనూ ఐదారేళ్ల పిల్లలకు, ఒకే కాలంలో మనోనిగ్రహం సడలిపోయిందని నమ్మడానికి కూడా ఆధారం లేదు. మారినవి ఆహారం తయారయ్యే తీరు, దాని ధర, అది చేతికందే దూరం, దాన్ని అమ్మే ప్రకటనలు, పని స్వభావం, ప్రయాణం చేసే పద్ధతి, నిద్ర. వీటిలో ఏది ఎంత కారణమో, దేన్ని మారిస్తే ఎంత ఫలితం వస్తుందో కొలిచి చెప్పడమే మీరు ఎంచుకోదలచిన వృత్తి.

ఒక ఉదాహరణ చెబితే మీ ఇంట్లోవారికి సులభంగా అర్థమవుతుంది. మెక్సికో ప్రభుత్వం 2014 జనవరిలో చక్కెర కలిపిన పానీయాలపై లీటరుకు ఒక పెసో చొప్పున పన్ను విధించింది. ఆ పన్ను పనిచేసిందా లేదా అన్నది ఊహించి చెప్పగలిగేది కాదు. పరిశోధకులు వేలాది కుటుంబాల కొనుగోలు వివరాలను సేకరించి, పన్ను లేకపోతే కొనుగోళ్లు ఏ దారిలో సాగి ఉండేవో అంచనా వేసి, దానితో పోల్చి చూశారు. మొదటి ఏడాది 5.5 శాతం, రెండో ఏడాది 9.7 శాతం తగ్గుదల కనిపించింది. అటువంటి పన్ను వేయాలా అని ఆలోచించే మరో ప్రభుత్వం ముందు ఈ అంకెలను పెట్టడం ప్రజారోగ్య శాస్త్రవేత్త పని. రోగికి ఆహార పట్టిక రాసివ్వడం ఆ పనిలో భాగం కాదు. మీకు మనుషులతో ఒక్కొక్కరిగా మాట్లాడి, వారి మార్పును కళ్లారా చూడటంలోనే తృప్తి దొరుకుతుందనిపిస్తే డైటీషియన్ వృత్తినే ఎంచుకోండి. అది ఏ విధంగానూ తక్కువది కాదు.

ప్రశ్న: ఈ రంగంలోకి రావడానికి వైద్యవిద్య తప్పనిసరా? ఏ చదువు చదవాలి? ఎన్నేళ్లు పడుతుంది?
– పలువురు పాఠకులు

జవాబు: వైద్యవిద్య తప్పనిసరి కాదు. వైద్యులు, పోషకాహార నిపుణులు, గణాంకశాస్త్రం, ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం చదివినవారు అందరూ ఈ రంగంలో ఉన్నారు. సాధారణంగా డిగ్రీ తరువాత ప్రజారోగ్యంలో గానీ, ఎపిడెమియాలజీలో గానీ, ప్రజారోగ్య పోషకాహారంలో గానీ ఒకటి రెండేళ్ల మాస్టర్స్, ఆపైన మూడు నుంచి ఆరేళ్లు పట్టే పీహెచ్‌డీ, తరువాత కొన్నేళ్ల పోస్ట్‌డాక్టరల్ శిక్షణ ఉంటాయి. స్వతంత్రంగా ఒక పరిశోధనా బృందాన్ని నడిపే స్థాయికి చేరేసరికి చాలామందికి ముప్పై ఏళ్లు దాటుతాయి. అంతదాకా వెళ్లకుండా మాస్టర్స్‌తోనే ఆరోగ్యశాఖల్లో, సర్వే సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో మంచి పని చేస్తున్నవారూ ఉన్నారు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. గణాంకాలంటే భయపడి పక్కకు తప్పుకోకండి. పోషకాల గురించి ఎంత తెలిసినా, డేటాను సొంతంగా విశ్లేషించలేని పరిశోధకుడు వేరొకరు చెప్పిన ఫలితాన్ని నమ్మవలసిన స్థితిలోనే ఉండిపోతాడు. బయోస్టాటిస్టిక్స్‌తో (ఆరోగ్య డేటాకు వాడే గణాంకశాస్త్రం) పాటు ఆర్, స్టాటా వంటి గణాంక సాఫ్ట్‌వేర్లలో ఒకదానిని బాగా నేర్చుకోండి. దానితో సమానంగా క్షేత్రానుభవం కూడా అవసరం. సర్వేలో ఎత్తు, బరువు, నడుము చుట్టుకొలత తీసే పని చిన్నదని చాలామంది అనుకుంటారు. తూకం యంత్రాన్ని రోజూ సరిచూడకపోయినా, టేపును ఒకరు ఒకచోట, మరొకరు రెండు అంగుళాలు కిందగా చుట్టినా, ఆ తరువాత ఎంత గొప్ప గణితం వాడినా ఆ తప్పు పోదు. విద్యార్థిగా ఉన్నప్పుడే ఒక సర్వేలో కొలతలు తీసే బాధ్యత తీసుకున్నవారు తరువాత ఏ పట్టిక చూసినా దాని వెనుక ఏం జరిగి ఉంటుందో ఊహించగలుగుతారు.

ప్రశ్న: ఒకసారి కాఫీ మంచిదంటారు, మరోసారి చెడ్డదంటారు. కొవ్వు, గుడ్లు, విటమిన్లు అన్నింటిదీ ఇదే కథ. పైగా ఏం తింటున్నారో మనుషులు నిజం చెప్పరు. ఇటువంటి డేటా మీద నిలబడిన దాన్ని శాస్త్రమని ఎలా అంటారు? జీవితాన్ని దీనికి అంకితం చేయవచ్చా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. ఈ అనుమానం లేనివారు ఈ రంగంలోకి రాకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇక్కడి పరిశోధకులు పడే కష్టంలో సగం దీని చుట్టూనే ఉంటుంది.

ఆహారాన్ని కొలవడానికి ఎక్కువగా వాడే పద్ధతులు రెండు. గడిచిన 24 గంటల్లో ఏం తిన్నారో, ఎంత తిన్నారో అడిగి రాసుకోవడం ఒకటి. గత ఏడాదిలో ఏ పదార్థాన్ని సుమారుగా ఎన్నిసార్లు తిన్నారో ప్రశ్నావళి ద్వారా తెలుసుకోవడం మరొకటి. రెండూ జ్ఞాపకం మీద ఆధారపడతాయి. తిన్నదానిలో కొంత మరచిపోతాం, కొంత చెప్పడానికి సంకోచిస్తాం, పరిమాణాన్ని తక్కువగా అంచనా వేస్తాం. ఎంత తక్కువగా అన్నది తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఒక చక్కని ఉపాయం కనిపెట్టారు. హైడ్రోజన్, ఆక్సిజన్‌ల బరువైన ఐసోటోపులు (అదే మూలకానికి చెందిన, కాస్త బరువెక్కువ ఉన్న పరమాణువులు) కలిపిన నీటిని ఒకసారి తాగిస్తారు. అందులోని హైడ్రోజన్ శరీరం నుంచి నీటి రూపంలో మాత్రమే బయటకు పోతుంది, ఆక్సిజన్ మాత్రం నీటి రూపంలోనూ, కార్బన్ డయాక్సైడ్ రూపంలోనూ పోతుంది. ఒకటి రెండు వారాల పాటు మూత్రం నమూనాలు పరీక్షించి ఈ రెండింటి వేగాల మధ్య తేడా చూస్తే, శరీరం ఎంత కార్బన్ డయాక్సైడ్ తయారుచేసిందో, తద్వారా ఎంత శక్తిని ఖర్చు చేసిందో తెలుస్తుంది. దీనికి మనిషి జ్ఞాపకంతో పనిలేదు. ఈ పద్ధతిని వాడి 1992లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పిన కొందరిని పరీక్షించగా, వారు తాము తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా నమోదు చేసినట్టు తేలింది. వారు అబద్ధమాడారని దీని నుంచి తేల్చడం తొందరపాటు అవుతుంది. అడిగి తెలుసుకునే పద్ధతికి ఉన్న పరిమితి అది, ఏ శరీర బరువు ఉన్నవారిలోనైనా ఈ తగ్గింపు కొంత కనిపిస్తూనే ఉంటుంది.

రెండో చిక్కు ఇంకా లోతైనది. బీటా కెరోటిన్ ఎక్కువగా ఉన్న కూరగాయలు, పండ్లు తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా ఉందని అనేక పరిశీలనలు చూపించాయి. అయితే బీటా కెరోటిన్‌ను మాత్రగా ఇస్తే సరిపోతుందా? ఫిన్లండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషులపై జరిపిన ట్రయల్ (కొందరికి మాత్ర ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చి చూసే ప్రయోగం) ఫలితాలు 1994లో వచ్చాయి. మాత్ర తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా కనిపించింది. కూరగాయలు ఎక్కువగా తినేవారు మరెన్నో విషయాల్లో కూడా ఇతరులకు భిన్నంగా ఉంటారనీ, ఆహారం నుంచి ఒక్క పోషకాన్ని వేరుచేసి ఇస్తే అది అదే మేలు చేయాలన్న నియమం లేదనీ ఈ ట్రయల్ ఈ రంగానికి నేర్పింది. పత్రికల్లో వారానికొకటిగా వచ్చే కాఫీ వార్తల్లో ఎక్కువ భాగం పరిశీలనాధ్యయనాల నుంచి, అంటే ఏమీ మార్చకుండా మనుషుల అలవాట్లను గమనించే అధ్యయనాల నుంచి వచ్చినవే. ఒక్కొక్కటీ ఒక సూచన మాత్రమే ఇస్తుంది, తీర్పు ఇవ్వదు. వాటిని తీర్పులుగా రాసే శీర్షికల వల్లనే శాస్త్రం పూటకో మాట మారుస్తున్నట్టు కనిపిస్తుంది.

మరి గట్టి జవాబులు ఎలా వస్తాయి? 2019లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం చేసిన ట్రయల్ చూడండి. 20 మంది పెద్దలను నెల రోజుల పాటు పరిశోధనా కేంద్రంలోనే ఉంచి, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం (ఫ్యాక్టరీల్లో బాగా మార్చి తయారుచేసినది), రెండు వారాలు పెద్దగా ప్రాసెస్ చేయని ఆహారం పెట్టారు. ముందుంచిన భోజనాల్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండు దశల్లోనూ సమానంగా ఉండేలా చూసి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం ఇచ్చినప్పుడు వారు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువగా తిని సగటున 0.9 కిలోల బరువు పెరిగారు, రెండో ఆహారంతో అంతే బరువు తగ్గారు. ఇందులో ఎవరి జ్ఞాపకాన్నీ నమ్మవలసిన అవసరం లేదు. అయితే ఇది 20 మందితో నాలుగు వారాలు జరిగిన అధ్యయనం. సొంత ఇంట్లో ఏళ్ల తరబడి జీవించే కోట్లమంది విషయంలో ఏం జరుగుతుందో తెలియాలంటే మళ్లీ పెద్ద పరిశీలనాధ్యయనాలే కావాలి. అందుకే ఈ రంగంలో ఏ ఒక్క పద్ధతీ ఒంటరిగా నిలబడదు. వేర్వేరు లోపాలున్న వేర్వేరు పద్ధతులు ఒకే దిశను చూపినప్పుడు నమ్మకం బలపడుతుంది.

ఇంజినీరింగ్ చదివినవారు ఇక్కడికి రావాలని నాకు ఎంతో కోరిక. మనుషులను ఇబ్బంది పెట్టకుండా ఆహారాన్ని సరిగ్గా కొలిచే సాధనం ఇప్పటికీ లేదు. ఫోటోల నుంచి పరిమాణాన్ని అంచనా వేసే పద్ధతులు, రక్తంలో, మూత్రంలో ఆహారం ఆనవాళ్లను గుర్తించే పరీక్షలు ఇంకా ఎదుగుతున్న దశలోనే ఉన్నాయి. ఈ పనికి జీవితాన్ని ఇవ్వవచ్చా అని అడిగారు కదా, నిస్సంకోచంగా ఇవ్వవచ్చు.

ప్రశ్న: బీఎంఐ తప్పుడు కొలత అని చదివాను. అయినా మీరంతా దాన్నే ఎందుకు వాడుతున్నారు?
– ఒక వ్యాయామ శిక్షకుడు

జవాబు: కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించే ఈ సూత్రాన్ని 19వ శతాబ్దంలో బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ క్వెట్‌లే సూచించారు. ఆయన ఉద్దేశం మనుషుల సగటు లక్షణాలను వర్ణించడమే, కొవ్వును కొలవడం కాదు. 1972లో ఆన్సెల్ కీస్ బృందం దీనికి బాడీ మాస్ ఇండెక్స్ అనే పేరు పెట్టి, జనాభా స్థాయి అధ్యయనాలకు ఇది ఉపయోగపడుతుందని చూపింది. అంటే పుట్టుక నుంచీ ఇది గుంపులను పోల్చే కొలతే. లక్షమంది సగటు ఎటు కదులుతోందో చెప్పడానికి ఇది చవకైన, నమ్మదగిన సాధనం. ఒక మనిషి దేహంలో ఎంత కొవ్వు ఉందో, అది ఎక్కడ పేరుకుందో చెప్పడానికి మాత్రం ఇది చాలదు.

దీనికి ఇద్దరు శాస్త్రవేత్తలు తమనే ఉదాహరణగా చూపుకున్నారు. పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యడ్కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఫోటోతో పాటు తమ కొలతలను ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ కచ్చితంగా 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అధిక బరువుకు 25, ఊబకాయానికి 30 అన్న సాధారణ హద్దులకు తోడుగా, ఆసియా జనాభాల విషయంలో 23, 27.5 దగ్గరే జాగ్రత్త మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం అదే ఏడాది సూచించింది. కండపుష్టి ఉన్న మీ శిక్షణార్థుల విషయంలో నడుము చుట్టుకొలత, రక్తపోటు, రక్తపరీక్షలు చూడకుండా ఒక్క బీఎంఐతో ఏమీ తేల్చకండి.

ప్రశ్న: నేను చిన్నప్పటి నుంచీ లావుగానే ఉన్నాను. ఈ విషయం మీదే పీహెచ్‌డీ చేయాలని ఉంది. కానీ వేదిక మీద నిలబడి ఊబకాయం గురించి మాట్లాడితే ‘ముందు నువ్వు తగ్గు’ అని జనం అనుకుంటారేమోనన్న భయం వదలడం లేదు. నేను ఈ రంగానికి తగినదాన్నేనా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: తగినవారే. మీ శరీర బరువుకూ మీరు చేసే విశ్లేషణ నాణ్యతకూ ఏ సంబంధమూ లేదు. క్యాన్సర్‌పై పరిశోధన చేసేవారిని మీకు క్యాన్సర్ ఎందుకు వచ్చిందని ఎవరూ నిలదీయరు. ఊబకాయం దగ్గరే అలా నిలదీయాలనిపించడానికి కారణం, దాన్ని ఇప్పటికీ చాలామంది జబ్బుగా కాక నడవడిక లోపంగా చూడటం.

ఆ చూపు తప్పని చూపించినది ఈ శాస్త్రమే. దత్తతకు వెళ్లిన 540 మంది డెన్మార్క్ వాసులపై 1986లో వచ్చిన అధ్యయనంలో, పెద్దయ్యాక వారి శరీర బరువు కన్న తల్లిదండ్రుల బరువును పోలి ఉంది గానీ, పెంచిన తల్లిదండ్రుల బరువుతో దానికి సంబంధం కనిపించలేదు. 1994లో లెప్టిన్ హార్మోన్‌ను కనుగొన్నాక, ఆకలి, తృప్తి మన ఇష్టం మీద మాత్రమే నడవవని, కొవ్వు కణాలు మెదడుకు సంకేతాలు పంపుతూనే ఉంటాయని స్పష్టమైంది. బరువు తగ్గిన శరీరంలో ఆకలి పెరుగుతుంది, శక్తి ఖర్చు తగ్గుతుంది. తగ్గినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి శరీరం ప్రయత్నిస్తుంది. కొందరిని ఈ జన్యుపరమైన మొగ్గు ఎక్కువగా లాగుతుంది, చౌకగా దొరికే అధిక కేలరీల ఆహారం చుట్టూ ఉన్నప్పుడు ఆ లాగుడు ఇంకా బలపడుతుంది. లావుగా ఉన్నవారిని అవమానిస్తే వారు తగ్గుతారన్న నమ్మకానికి ఆధారం లేదు. అవమానం ఎదుర్కొన్నవారు వైద్యుల దగ్గరకు వెళ్లడం మానేస్తారనీ, వ్యాయామానికి దూరమవుతారనీ, మరింత బరువు పెరిగే అవకాశం ఉందనీ అధ్యయనాలు చెబుతున్నాయి.

మీ భయం ఊహాజనితమని మాత్రం అనను. కొందరు అలా అనుకుంటారు, ఒకరిద్దరు ముఖం మీదే అనవచ్చు కూడా. మార్గదర్శకుడిని ఎంచుకునేటప్పుడు వారి ప్రచురణలతో పాటు, ఊబకాయం ఉన్నవారి గురించి వారు ఏ మాటలు వాడతారో కూడా గమనించండి. వారి దగ్గర పనిచేసిన విద్యార్థులతో ముందుగా మాట్లాడండి. ‘ఊబకాయులు’ అని కాకుండా ‘ఊబకాయంతో జీవిస్తున్నవారు’ అని రాయడం ఈ రంగంలో ఇప్పుడు స్థిరపడుతున్న మర్యాద. మీ అనుభవాన్ని పదిమందికీ చెప్పాలన్న నియమం ఏమీ లేదు. చెప్పుకోవాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం.

ప్రశ్న: పరిశోధనకు నిధులు దొరకడం కష్టమని విన్నాను. ఆహార కంపెనీలు ఇచ్చే డబ్బు తీసుకుంటే తప్పేమిటి? ఫలితాన్ని నిజాయితీగా రాస్తే చాలదా?
– ఒక పరిశోధక విద్యార్థి

జవాబు: నిధులు దొరకడం కష్టమన్నది నిజం. చాలామంది శాస్త్రవేత్తల ఉద్యోగం, వారి బృందంలోని వారి జీతాలు మూడు నుంచి ఐదేళ్లకు వచ్చే గ్రాంట్ల మీద ఆధారపడతాయి. రాసిన దరఖాస్తుల్లో ఎక్కువ భాగం తిరస్కరణకు గురవుతాయి. ఆ ఒత్తిడిలో ఎవరు డబ్బు ఇస్తామన్నా తీసుకోవాలనిపించడం సహజం.

అయినా నా సలహా, మీరు అధ్యయనం చేసే వస్తువును అమ్మే సంస్థ నుంచి తీసుకోవద్దనే. 2016లో ఒక వైద్యపత్రికలో బయటపడిన పాత పత్రాలు ఎందుకో చెబుతాయి. 1960లలో అమెరికా చక్కెర పరిశ్రమకు చెందిన సంస్థ హార్వర్డ్ పరిశోధకులకు డబ్బిచ్చి రాయించిన సమీక్షా వ్యాసం 1967లో ఒక అగ్రశ్రేణి వైద్యపత్రికలో వచ్చింది. గుండెజబ్బులో చక్కెర పాత్రను తక్కువ చేసి, దృష్టిని కొవ్వు వైపు మళ్లించిన ఆ వ్యాసంలో డబ్బు ఎవరిచ్చారన్న ప్రస్తావనే లేదు. ఇక మీరడిగిన నిజాయితీ విషయం. పానీయాలపై వచ్చిన పరిశోధనా వ్యాసాలను పరిశీలించి 2007లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, పరిశ్రమ నిధులతో జరిగినవి ఆ పరిశ్రమకు అనుకూలమైన ముగింపుకు రావడానికి నాలుగు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువ అవకాశం ఉన్నట్టు తేలింది. వారందరూ అంకెలు మార్చారని నేను అనుకోను. ఏ ప్రశ్న అడగాలి, దేనితో పోల్చాలి, ఎన్నాళ్లు చూడాలి, ఏ ఫలితాన్ని ప్రచురించకుండా వదిలేయాలి అన్న చోట్లనే మొగ్గు చేరిపోతుంది. అప్పుడు నిజాయితీగా రాసిన ఫలితం కూడా వంకరగానే ఉంటుంది.

తప్పు బయటపడినప్పుడు ఎలా నడుచుకోవాలన్నదానికి స్పెయిన్‌లో మెడిటరేనియన్ ఆహారంపై జరిగిన ప్రెడిమెడ్ ట్రయల్ మంచి ఉదాహరణ. 2013లో వచ్చిన ఈ వ్యాసంలో, కొన్ని కేంద్రాల్లో మనుషులను లాటరీ పద్ధతిలో విడివిడిగా కేటాయించలేదని తరువాత తెలిసింది. రచయితలు 2018లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకొని, అంతా తిరిగి విశ్లేషించి, వాదన తీవ్రతను తగ్గించి మళ్లీ ప్రచురించారు. ప్రధాన ఫలితం దాదాపుగా నిలిచింది. ఇలా చేయగల ధైర్యం రావాలంటే, మీ ఫలితం ఎటు మారినా మీ జీతం ఆగిపోని చోట ఉండాలి.

ప్రశ్న: ఇప్పుడు బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు వచ్చేశాయి. ఇక పదేళ్ల తరువాత ఈ పరిశోధనతో పని ఉంటుందా?
– ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయో అబ్బాయో ఈ చదువు అడుగుతున్నారని ఊహిస్తున్నాను. ఆ మందులు నిజంగా శక్తిమంతమైనవి. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్‌పై 1,961 మందితో జరిగి 2021లో వచ్చిన ట్రయల్‌లో, 68 వారాల తరువాత మందు తీసుకున్నవారి బరువు సగటున 14.9 శాతం తగ్గగా, మందు లేని ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 2.4 శాతమే తగ్గింది. ఇది అనేకమందికి ప్రాణం పోసే మార్పు, దీన్ని తక్కువ చేసి మాట్లాడటం సరికాదు. అయితే అదే ట్రయల్‌లో పాల్గొన్నవారిలో కొందరిని మందు ఆపాక మరో ఏడాది పాటు గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. అంటే దీర్ఘకాలం వాడవలసిన మందు అది.

వంద కోట్ల మందికి జీవితాంతం ఇంజెక్షన్ ఎవరు ఇవ్వగలరు, ముందుగా ఎవరికి ఇవ్వాలి, తక్కువ తినేవారికి మాంసకృత్తులు, సూక్ష్మపోషకాలు సరిపోతున్నాయా, కండరాలు ఎంత తగ్గుతున్నాయి, పిల్లల్లో పదేళ్ల తరువాత ఏమవుతుంది అన్న ప్రశ్నలన్నీ ప్రజారోగ్య శాస్త్రవేత్తల కోసమే ఎదురుచూస్తున్నాయి. మందు ఇప్పటికే బరువు పెరిగిన మనిషికి చికిత్స చేస్తుంది. రేపు పుట్టే బిడ్డ ఏ ఆహారం మధ్య పెరగబోతోందన్నది దాని పరిధిలో లేదు. బ్రిటన్ 2018 ఏప్రిల్‌లో అమల్లోకి తెచ్చిన చక్కెర పానీయాల సుంకం వంటి చర్యల వల్ల, కంపెనీలు అమలు తేదీకి ముందే తమ పానీయాల్లో చక్కెరను తగ్గించాయి. తాగేవారు ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోనవసరం లేకుండానే ఆ మార్పు వారిని చేరింది. ఇటువంటి చర్యల్లో ఏవి పనిచేస్తాయో, ఏవి పేరుకే మిగిలిపోతాయో తేల్చే పని ఇంకా మొదటి దశల్లోనే ఉంది. మీ బిడ్డకు లెక్కల మీద ఇష్టం, మనుషుల మీద అక్కర రెండూ ఉంటే అడ్డుచెప్పకండి.